కరెంటు పోతే లోడు ఎవరి చేతిలో? ఓడల మీద ఎలక్ట్రిక్ క్రేన్లు, వించ్‌ల గురించి

భీమిలి_ఈటీవో · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా ఆఫ్‌షోర్ (సముద్రంలో చమురు, గ్యాసు పనులకు తిరిగే) ఓడల మీద ఈటీవోగా, అంటే కరెంటు పరికరాలు చూసే ఆఫీసరుగా చేస్తున్నాను. ఇన్నేళ్లూ నా చేతికింద ఉన్నవన్నీ హైడ్రాలిక్ క్రేన్లే. పోయిన నెల ఎక్కిన ఓడలో మెయిన్ క్రేను 150 టన్నులది, మొత్తం ఎలక్ట్రిక్. పంపు లేదు, ట్యాంకు లేదు, నూనె గొట్టాలు లేవు. డ్రమ్ము పక్కన వరసగా మోటార్లు, పెడస్టల్ (క్రేను నిలబడే స్తంభం) లోపల మోటార్లను నియంత్రించే డ్రైవ్ క్యాబినెట్లు, అంతే.

మొదటి రాత్రి షిఫ్టులో నన్ను కలవరపెట్టింది ఆ నిశ్శబ్దం. పాత క్రేనులో లోడు ఎత్తగానే పంపు గొంతు మారేది. ఆ మూలుగు వింటే బరువెంతో, నూనె వేడెక్కిందో లేదో, ఏ వాల్వు మొరాయిస్తోందో సగం తెలిసిపోయేది. మా ఆపరేటరు ఇరవై ఏళ్లకు పైగా క్యాబిన్‌లో కూర్చున్న మనిషి. షిఫ్టు దిగి వచ్చి, చెవులకు పని లేకుండా పోయిందని, తెర మీద అంకె చూసి నమ్మాల్సి వస్తోందని చెప్పాడు. అతని ముఖంలో అలాంటి అలసట నేనెప్పుడూ చూడలేదు.

నా ప్రశ్న ఒకటే. హైడ్రాలిక్‌లో బ్లాకౌట్ అయితే వాల్వులు మూసుకుంటాయి, నూనె మోటారులోనే బందీ అవుతుంది, అక్యుమ్యులేటర్లో (నూనెను ఒత్తిడితో దాచే సిలిండరులో) కొంత ప్రెజర్ మిగిలి ఉంటుంది. ఎలక్ట్రిక్‌లో ఆ క్షణాన 100 టన్నుల లోడు ఎవరి చేతిలో ఉంటుంది? మాన్యువల్ చదివాను. ఇవి తయారుచేసినవాళ్లు, నడిపినవాళ్లు ఏమంటారో వినాలని ఉంది.

కాకినాడ_కుర్రాడు · ఆదివారం రాత్రి 10:05

అన్నా, నేను ఈఈఈ మూడో సంవత్సరం. మా నాన్నది మరబోటు. బోటు మీది వించ్ వల లాగుతుంది, వదులుతుంది, దాని పని అంతే. ఓడ క్రేను గురించి ఎక్కడ చదివినా 'హీవ్ కాంపెన్సేషన్' అని కనిపిస్తోంది. కదలకుండా వేలాడుతున్న లోడు కోసం డ్రమ్ము ఎందుకు అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి?

అగ్దర్_డ్రైవ్స్ · ఆదివారం రాత్రి 11:30

తమ్ముడూ, మంచి ప్రశ్న. నేను నార్వేలో క్రిస్తియాన్‌సాన్ ప్రాంతంలో వించ్ డ్రైవ్‌ల మీద పనిచేస్తున్నాను. ఈ చిన్న ఊళ్లలో వీధికొకరు ఏదో ఒక క్రేను కంపెనీలో చేసినవాళ్లే. తెలిసినంత చెబుతాను.

బావి గట్టు మీద నిలబడి చేద దించుతున్నావనుకో. గట్టు కదలదు కాబట్టి నువ్వు తాడు పట్టుకుని ఆగితే చేదా ఆగుతుంది. ఇప్పుడు ఆ గట్టే అల మీద లేచి పడుతోందనుకో. నీ చెయ్యి కదలకపోయినా చేద 3 మీటర్లు లేస్తుంది, 3 మీటర్లు పడుతుంది. కింద సముద్రం అడుగున చమురు బావి తల మీద ఒక వాల్వు ట్రీ (వాల్వుల గుత్తి) కూర్చోబెట్టాలి. అది గుద్దుకోకూడదు. అందుకని ఓడ లేచినంత మేరా తాడు వదలాలి, ఓడ దిగినంత మేరా తాడు చుట్టాలి. ఎంత లేచిందో ఎంఆర్‌యూ అనే కదలికల సెన్సరు క్షణక్షణం చెబుతుంది. డ్రమ్ము దానికి ఎదురు తిరుగుతుంది. అడుగున ఉన్న రోబో కెమెరాలో చూస్తే లోడు గోడకు తగిలించిన పటంలా నిలబడి ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు లెక్క. బూమ్ కొస 3 మీటర్లు లేచి పడుతోంది, అల పీరియడ్ 10 సెకన్లు. గరిష్ఠ వేగం సెకనుకు దాదాపు 0.94 మీటర్లు వస్తుంది. లోడు 100 టన్నులైతే ఆ క్షణంలో కావలసిన పవర్ 920 కిలోవాట్లకు పైనే. ఓడ దిగుతున్నప్పుడు చుట్టడానికి అంత పవర్ మింగుతుంది. ఓడ లేస్తున్నప్పుడు లోడే మోటారును లాగుతుంది, మోటారు జనరేటరై అంత పవర్‌నూ వెనక్కి కక్కుతుంది. ప్రతి పది సెకన్లకూ ఒకసారి, గంటల తరబడి.

చాలామంది పొరబడేది ఇక్కడే. పవర్ ఇంత పెద్దదైనా ఎనర్జీ చాలా చిన్నది. 100 టన్నులు 3 మీటర్లు దిగితే వచ్చేది సుమారు 0.8 యూనిట్. ఇంట్లో ఇస్త్రీ పెట్టె గంటసేపు వాడితే మీటరు అంతే తిరుగుతుంది. కానీ అదంతా ఐదు సెకన్లలో రావాలి, ఐదు సెకన్లలో పోవాలి. అందుకే ఇలాంటి చోట పెద్ద బ్యాటరీ కంటే సూపర్ కెపాసిటర్లు నప్పుతాయి. అవి డీసీ బస్ (డ్రైవ్‌లన్నిటికీ ఉమ్మడి డీసీ లైను) మీద కూర్చుని ఊపిరి పీల్చి వదిలినట్టు పనిచేస్తాయి. జనరేటర్లు నష్టాలకు సరిపడా మాత్రం ఇస్తే చాలు. హైడ్రాలిక్‌లో ఈ పవరంతా వాల్వుల్లో నలిగి నూనె వేడెక్కేది, ఆ వేడిని కూలర్లతో సముద్రంలోకి తోసేవాళ్లం.

నూనె_మనిషి · సోమవారం ఉదయం 6:15

అగ్దర్ గారూ, చివరి వాక్యం దగ్గర నేను ఒప్పుకోను. ముప్పై ఏళ్లు హైడ్రాలిక్స్‌లో గడిపినవాణ్ణి. మీరు చెప్పింది వాల్వుతో గొంతు నొక్కి నడిపే పాత పద్ధతి. సెకండరీ కంట్రోల్ అని ఇంకొకటి ఉంది: లైనులో ప్రెజర్ స్థిరంగా ఉంచి, డ్రమ్ము మీది మోటారు డిస్‌ప్లేస్‌మెంటునే (ఒక్కో చుట్టుకు అది మింగే నూనె కొలతనే) మారుస్తారు. లోడు దిగేటప్పుడు ఆ మోటారే పంపై నూనెను తిరిగి అక్యుమ్యులేటర్లోకి నెడుతుంది. ఎనర్జీ తిరిగి రావడం ఎలక్ట్రిక్ వాళ్లు కనిపెట్టింది కాదు.

ఇంకో మాట. హైడ్రాలిక్ మోటారు చిన్నది, తేలిక. నిమిషానికి పన్నెండుసార్లు దిశ మార్చుకునే డ్రమ్ముకు అది ఎంత సుఖమో నడిపినవాళ్లకు తెలుసు. నార్వే పడమటి తీరంలో బ్రాట్‌వాగ్ వైపు తయారైన లో-ప్రెజర్ వించ్‌లు అసలు చేపల పడవల కోసం పుట్టినవి. వల బండకు తగులుకుంటే వించ్ మొండికేయకుండా లొంగుతుంది, పట్టు వదలదు. ఆ గుణం వల్లే అవి తర్వాత లంగర్లు ఎత్తే ఓడల మీదికి వచ్చాయి. నూనెకు ఒక మెత్తదనం ఉంది.

అగ్దర్_డ్రైవ్స్ · సోమవారం ఉదయం 11:50

ఒప్పుకుంటున్నాను సార్, నా వాక్యం మరీ గంపగుత్తగా ఉంది. సెకండరీ కంట్రోల్ క్రేన్లు మంచివే. ఇనర్షియా మాట కూడా నిజం. మోటారు రోటరు బరువు గేరు నిష్పత్తి వర్గంతో హెచ్చి డ్రమ్ము దగ్గర కనిపిస్తుంది. కొన్ని డిజైన్లలో టార్కులో పెద్ద వాటా లోడుకు కాక, మోటారును మోటారే పరుగెత్తించి ఆపుకోవడానికి పోతుంది. అందుకే సన్నగా పొడుగ్గా ఉండే రోటర్లు, తక్కువ గేరు, లేదా గేరే లేని పర్మనెంట్ మాగ్నెట్ మోటార్లు వెతుక్కుంటున్నాం.

కానీ నూనెకు ప్రెజర్ ఇచ్చే పంపుల యూనిట్, హెచ్‌పీయూ మాటేమిటి? క్రేను వాడినా వాడకపోయినా, ఆపరేటరు సిద్ధంగా ఉండాలంటే పంపు తిరుగుతూనే ఉండాలి. సప్లై ఓడ మీద క్రేను రోజుకు గంటో రెండు గంటలో పనిచేస్తుంది. మిగతా సమయం ఎలక్ట్రిక్ క్రేను దాదాపు ఏమీ తినదు. ఇక గొట్టం పగిలితే నూనె సముద్రంలోకి పోతుంది, పోయిన ప్రతి లీటరుకూ రిపోర్టు రాయాలి.

నూనె_మనిషి · సోమవారం మధ్యాహ్నం 1:10

గొట్టాల విషయంలో నా దగ్గర జవాబు లేదు. అర్ధరాత్రి బూమ్ మీద ఎక్కి పగిలిన గొట్టం మార్చిన చేతులివి.

డెక్_డిజైన్ · సోమవారం రాత్రి 8:20

అసలు ప్రశ్నకు వద్దాం. నేను పుణెలో ఒక డిజైన్ ఆఫీసులో క్రేను పెడస్టళ్లు, వించ్ ఫౌండేషన్ల లెక్కలు చేస్తాను. సొంతూరు ఏలూరు. బ్లాకౌట్‌లో రెండు వేర్వేరు ప్రమాదాలున్నాయి. రెంటికీ కావలసిన విరుగుడు ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. ఈ సంగతి చెప్పకుండా బ్రేకు గురించి మాట్లాడలేం.

మొదటిది, లోడు పడిపోవడం. దీనికి విరుగుడు అందరికీ తెలిసిందే. బ్రేకులు స్ప్రింగుతో బిగుసుకుంటాయి, తెరవడానికే కరెంటో ప్రెజరో కావాలి. కరెంటు పోగానే పట్టేస్తాయి. భీమిలి గారూ, మీ 100 టన్నులు ఆ క్షణాన ఆ స్ప్రింగుల చేతిలో ఉంటాయి.

రెండోది, లోడు వదలకపోవడం. ప్లాట్‌ఫారమ్ క్రేను కింద సప్లై బోటు డెక్కు మీంచి కంటెయినర్ ఎత్తుతోంది. హుక్కు బోటు రెయిలింగుకు తగులుకుంది. అదే సమయానికి బోటు ఇంజను ఆగి అలతో పాటు కొట్టుకుపోతోంది. ఇప్పుడు వించ్ పట్టు వదలకపోతే కొన్ని వేల టన్నుల బోటు క్రేనును పెడస్టల్ నుంచి పెరికేస్తుంది, క్యాబిన్‌లో మనిషితో సహా. అందుకే ఆఫ్‌షోర్ క్రేన్ల యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 13852లో రెండు రక్షణలు ఉన్నాయి: తనంతట తాను పనిచేసే ఏఓపీఎస్, ఆపరేటరు చేత్తో నొక్కే ఎంఓపీఎస్. ఎంఓపీఎస్ నొక్కితే డ్రమ్ము తాడు వదిలెయ్యాలి, అలాగని పూర్తిగా వదులు కాకూడదు, కొంత బిగువు ఉంచుతూ వదలాలి. కరెంటు లేకపోయినా ఇది పనిచెయ్యాలి.

హైడ్రాలిక్‌లో ఇది సులువు: అక్యుమ్యులేటర్ ప్రెజర్ బ్రేకు తెరుస్తుంది, రిలీఫ్ వాల్వు బిగువు ఉంచుతుంది. ఎలక్ట్రిక్‌లో బ్రేకు తెరవడానికి విడిగా దాచిన ఎనర్జీ కావాలి. బిగువు ఎవరు ఉంచాలి? మామూలు ఇండక్షన్ మోటారుకు సప్లై పోతే అయస్కాంతమే ఉండదు, డ్రమ్ము గాలిలో తిరిగినట్టు తిరుగుతుంది. పర్మనెంట్ మాగ్నెట్ మోటారైతే తిప్పితే చాలు వోల్టేజీ పుడుతుంది. దాని వైండింగులను రెసిస్టరుకు కలిపేస్తే బయటి కరెంటు అక్కర్లేకుండానే అది తాడును వెనక్కి లాగి పట్టుకుంటుంది. కొన్నిచోట్ల బ్రేకునే కొంచెం కొంచెం జారేలా నియంత్రిస్తారు, అప్పుడు ఆ బ్రేకు ప్లేట్లు ఎంత వేడి తట్టుకుంటాయో లెక్క చూపాలి.

నా దగ్గరికి ఎలక్ట్రిక్ క్రేను డ్రాయింగు వస్తే మొదట వెతికేది ఈ సర్క్యూటే. బ్యాటరీ, సూపర్ కెపాసిటర్, గ్రీన్ అన్న మాటలు బ్రోషర్లో మొదటి పేజీలో ఉంటాయి. ఎంఓపీఎస్ ఎలా సాధించారో ఎక్కడో అనుబంధంలో రెండు వాక్యాలు ఉంటాయి. ఆ రెండు వాక్యాలు నాకు సరిపోవు.

భీమిలి_ఈటీవో · సోమవారం రాత్రి 10:55

మేడమ్, ఇంత స్పష్టంగా నాకు ఎవరూ చెప్పలేదు. రేపే ఆ సర్క్యూటు వెతుకుతాను.

మీరు చెప్పిన మొదటి ప్రమాదంలో నా అనుభవం ఒకటి. ఇంతకుముందు ఓడలో ఒక చిన్న ఎలక్ట్రిక్ వించ్ ఉండేది, రోబో దించే వించ్. ఒక రాత్రి లోడు నిలబెట్టి ఉంచగా ట్రిప్ అయింది. మళ్లీ పెట్టాం, ఇరవై నిమిషాల్లో మళ్లీ ట్రిప్. డ్రైవ్‌లో ఓవర్ టెంపరేచర్. మోటారు తిరుగుతున్నప్పుడు రాని వేడి, కదలకుండా పట్టుకుని ఉన్నప్పుడు వస్తోంది! కారణం తర్వాత అర్థమైంది. తిరిగేటప్పుడు కరెంటు మూడు ఫేజుల మధ్య మారుతూ ఉంటుంది. సున్నా వేగంలో ఆగిపోతే ఆ భారమంతా ఒకే జత ట్రాన్సిస్టర్ల మీద డీసీలా నిలుస్తుంది. పైగా మోటారు ఫ్యాను షాఫ్టు మీదే ఉంది, షాఫ్టు తిరగకపోతే గాలీ లేదు.

ఇంకోసారి ఎన్‌కోడర్ (డ్రమ్ము ఎంత తిరిగిందో చెప్పే సెన్సరు) కప్లింగ్ స్క్రూ వదులైంది. చిటికెన వేలంత స్క్రూ. డ్రమ్ము తిరుగుతోంది, ఎన్‌కోడర్ మాత్రం తిరగట్లేదని చెబుతోంది. రెండో ఎన్‌కోడర్ ఉండబట్టి, రెంటికీ తేడా రాగానే బ్రేకు పడింది. ఆ రోజు నుంచి క్రేను మీద మొదట చూసేది పెద్ద మోటార్లను కాదు, ఆ స్క్రూలను.

గాజువాక_ఫోర్‌మన్ · మంగళవారం ఉదయం 5:50

బాబూ, మనవడు చదివి వినిపిస్తుంటే నేను చెప్పింది వాడు రాస్తున్నాడు. నేను విశాఖలో రిగ్గింగ్ ఫోర్‌మన్‌గా చేసి దిగినవాడిని. కలాసీగా చేరాను. అప్పట్లో మాకు హుక్కు కింద నిలబడే మనిషే సెన్సరు. హాబీస్ అంటే ఎత్తు, ఆరియా అంటే దించు. ఆరియా అన్నది పోర్చుగీసు ఓడవాళ్ల మాటట, తెరచాప దించడానికి వాడేవారట. నాలుగు వందల ఏళ్లయినా మా నోట్లో ఉంది.

మీరు మోటార్ల గురించి చెప్పారు, బాగుంది. డెక్కు మీద ఉన్న కుర్రాళ్ల మాట కూడా ఒకటి చెప్పనివ్వండి. పాత క్రేను లేచే ముందు చప్పుడు చేసేది. ఆ చప్పుడు వినే కలాసీ తల ఎత్తి చూసేవాడు, చెయ్యి వెనక్కి తీసేవాడు. చప్పుడు లేని క్రేను కదలడం మొదలెట్టాక గాని తెలీదు. భీమిలి బాబూ, మీ ఓడలో క్రేను కదిలే ముందు డెక్కు మీద ఏదైనా గంట మోగుతుందా?

భీమిలి_ఈటీవో · మంగళవారం ఉదయం 7:30

స్లూ, అంటే క్రేను పక్కకు తిరిగేటప్పుడు మోగుతుంది మాస్టారూ. వించ్ కదిలేటప్పుడు మోగదు. హీవ్ కాంపెన్సేషన్‌లో డ్రమ్ము ఎప్పుడూ కదులుతుంది కాబట్టి తీసేశారట. కానీ డెక్కు మీంచి ఎత్తేటప్పుడు ఆ మోడ్ ఉండదు. అప్పుడు మోగేలా చెయ్యడం నా చేతిలో పనే. ఈ రోజు చీఫ్‌తో మాట్లాడతాను.

లంగరు_మేట్ · మంగళవారం సాయంత్రం 4:05

వించ్ వదలకపోవడం గురించి మేడమ్ రాశారు. నేను లంగర్లు ఎత్తే ఓడల్లో మేట్‌ని. మా వాళ్లందరం మర్చిపోలేని పేరు బోర్బన్ డాల్ఫిన్. 2006లో నార్వేలో ఉల్‌స్టైన్ యార్డులో కట్టిన కొత్త ఓడ. 2007 ఏప్రిల్ 12న షెట్లాండ్ దీవుల పడమట, దాదాపు 1100 మీటర్ల లోతున్న చోట ఒక డ్రిల్లింగ్ రిగ్ లంగరు గొలుసు మోసుకెళ్తూ ఎడమ పక్కకు బోల్తా పడింది. ఓడలో 15 మంది, 8 మంది పోయారు. వాళ్లలో కెప్టెనూ, ఓడ పని ఎలా ఉంటుందో చూడ్డానికి వచ్చిన ఆయన కొడుకు, స్కూలు పిల్లవాడు, ఉన్నారు.

గొలుసును ఒక చోట పట్టి ఉంచే టోయింగ్ పిన్ దించారు. గొలుసు జారి ఓడ ఎడమ అంచు దగ్గరి పిన్‌ను తాకింది. అంత బరువు అంచు మీద పడితే ఓడను పడదోసే మీట అయిపోతుంది. ఎమర్జెన్సీ రిలీజ్ ఉంది, కానీ ఓడను నిలబెట్టలేకపోయింది. నార్వే విచారణ కమిషన్ ఒక్క మనిషిని వేలెత్తి చూపలేదు. ఓడ స్థిరత్వం లెక్క, వించ్ గుణం, కంపెనీ పద్ధతులు, రిగ్ ప్లాను, సిబ్బంది మార్పిడి, ఇలా చాలా కారణాలు కలిశాయని తేల్చింది.

ఎలక్ట్రిక్ వించ్ అమ్మే ఏ మనిషినైనా నేను ఒకటే అడుగుతాను. బ్రిడ్జి మీద ఆ ఎర్ర బటన్ నొక్కితే ఏ సెకనులో ఏం జరుగుతుంది? నూరు శాతం లోడులో పరీక్షించి చూపించావా? 'రిలీజ్' అన్న మాటకు తయారీదారు మనసులో ఒక అర్థం, కెప్టెన్ మనసులో ఇంకొక అర్థం ఉండకూడదు.

డెక్_డిజైన్ · మంగళవారం రాత్రి 9:15

మేట్ గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఒక సమాచారం. ఓడల భద్రత అంతర్జాతీయ ఒప్పందం సోలాస్‌లో చేర్చిన కొత్త నియమం, చాప్టర్ 2-1లో 3-13, 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఓడ మీది క్రేన్లతో పాటు లంగర్లు ఎత్తే వించ్‌లకు కూడా డిజైను, పరీక్ష, తనిఖీ, నిర్వహణ సోలాస్ కిందికి రావడం ఇదే మొదటిసారి. పైపులు, కేబుళ్లు వేసే కన్‌స్ట్రక్షన్ ఓడల క్రేన్లకు మాత్రం, జెండా దేశం అంగీకరించిన ప్రమాణాలు పాటిస్తే, మినహాయింపు ఉంది. భీమిలి గారి క్రేను ఆ కోవలోకే రావచ్చు. కాబట్టి అక్కడ ప్రమాణం ఏదో, దాన్ని ఎవరు చూశారో ఇంకా గట్టిగా అడగాలి.

కాకినాడ_కుర్రాడు · మంగళవారం రాత్రి 10:30

మా ఊరి నుంచి చూస్తే రాత్రుళ్లు దూరంగా ఓడల దీపాలు కనిపిస్తాయి. గాడిమొగ టెర్మినల్‌కు గ్యాసు వచ్చేది ఆ సముద్రం నుంచే. అక్కడ లోతు 2000 మీటర్లు దాటుతుందని విన్నాను. అంత లోతుకు ఈ క్రేన్లు ఎలా దించుతాయి?

అగ్దర్_డ్రైవ్స్ · బుధవారం అర్ధరాత్రి దాటాక 12:20

నిజమే తమ్ముడూ. కేజీ-డీ6 గ్యాసు బ్లాకులో ఆర్-క్లస్టర్ అనే క్షేత్రం 2000 మీటర్లకు పైబడిన లోతు. 2020 డిసెంబరులో గ్యాసు మొదలైంది.

అక్కడ లోడు కంటే తాడే సమస్య. 77 మిల్లీమీటర్ల స్టీలు తాడు మీటరుకు దాదాపు 26 కిలోలు. 2000 మీటర్లు వదిలితే తాడే 52 టన్నులు, నీళ్లలో తేలిక అయ్యేది పోను సుమారు 45. 150 టన్నుల క్రేనులో దాదాపు మూడోవంతు తాడు తన కోసమే తినేస్తుంది. పైగా అంత పొడవు తాడు రబ్బరులా సాగుతుంది. ఆ లోతులో లోడు ఊగే సహజ పీరియడ్ కొన్నిసార్లు అలల పీరియడ్‌కు దగ్గరపడుతుంది. అప్పుడు పైన డ్రమ్ము ఎంత చక్కగా తిరిగినా కింద లోడు ఎగిరెగిరి పడుతుంది.

తేలికైన పాలీఇథిలీన్ పోగుల తాళ్లు నీళ్లలో తేలతాయి కాబట్టి ఆ బరువు సమస్య పోతుంది. కానీ కాంపెన్సేషన్‌లో గిలక మీద అదే ముక్క గంటల తరబడి వంగి సాగుతుంటే వేడెక్కుతుంది. ఆ పోగు 150 డిగ్రీల లోపే కరిగిపోతుంది, అంతకు చాలా ముందే బలం తగ్గుతుంది. అందుకే దాని మీద నీళ్లు చల్లుతూ నడుపుతారు.

నూనె_మనిషి · బుధవారం ఉదయం 6:40

కాకినాడ బాబూ, ఈ దారిలోకి రావాలనుకుంటే ఒక మాట. ఈఈఈ చదివావు కాబట్టి ఈటీవో కోర్సు చెయ్యొచ్చు. ఓడ సిబ్బంది శిక్షణ ఒప్పందానికి 2010లో వచ్చిన మనీలా సవరణలతో ఆ హోదాకు సొంత సర్టిఫికెట్ వచ్చింది. కానీ డ్రైవ్ ఒక్కటే నేర్చుకుని ఆగిపోవద్దు. బ్రేకు ప్లేటు విప్పు, గేరు నూనె రంగు చూడు, తాడుకు గ్రీజు పట్టించు. ఉల్‌స్టైన్ వాళ్లు 1917లో చేపల పడవలకు ఇంజన్లు బిగించే వర్క్‌షాపుగా మొదలయ్యారు. మీ నాన్నగారి బోటు మీది వించ్‌తోనే మొదలుపెట్టు.

కాకినాడ_కుర్రాడు · బుధవారం ఉదయం 7:05

ఈ ఆదివారం విప్పుతాను సార్. బ్రేకు బ్యాండు మార్చాలని నాన్న నెల నుంచి అంటున్నాడు.

భీమిలి_ఈటీవో · మొదటి పోస్టుకు 19 రోజుల తర్వాత, శుక్రవారం రాత్రి 11:15

అందరికీ చెప్పాల్సిన బాకీ ఒకటి ఉంది. నిన్న హార్బరులో పరీక్ష చేశాం.

నీళ్ల సంచులకు 60 టన్నుల నీళ్లు పట్టి, నీటికి 4 మీటర్ల ఎత్తున వేలాడదీశాం. డెక్కు మీద ఎవరూ లేకుండా తాడు కట్టాం. తయారీదారు మనిషి, క్లాస్ సర్వేయరు (ఓడలను తనిఖీ చేసి ధ్రువీకరించే సంస్థ మనిషి), చీఫ్, నేను, క్యాబిన్‌లో ఆపరేటరు. మెయిన్ బ్రేకర్ నేనే కొట్టాను.

బ్రేకులు పడ్డాయి. సంచి 3 సెంటీమీటర్లు జారి ఆగింది. అరగంట చూశాం, కదల్లేదు.

తర్వాత, కరెంటు లేకుండానే ఎంఓపీఎస్. మేడమ్ చెప్పిన సర్క్యూటు 41వ షీటులో దొరికింది: బ్రేకు తెరవడానికి విడి బ్యాటరీ, మోటారు వైండింగులకు రెసిస్టరు. ఆపరేటరు కవరు ఎత్తి నొక్కాడు. ఒక సెకను ఏమీ కాలేదు. ఆ సెకను మాకు చాలా పొడవుగా అనిపించింది. తర్వాత సంచి నెమ్మదిగా, ఒకే వేగంతో, నీళ్లలోకి దిగింది. తాడు ఎక్కడా వదులు కాలేదు. రెసిస్టరు బ్యాంకు మీద చెయ్యి పెట్టలేనంత వేడి.

ఆ ఒక సెకను గురించి సర్వేయరు రాసుకున్నాడు. రిలేకు పెట్టిన ఆలస్యమది, ఎంతకు తగ్గించగలరో తయారీదారు వచ్చే నెలలోగా రాసివ్వాలి. మేట్ గారూ, బ్రిడ్జి మీద ఎర్ర బటన్ పక్కన ఆ అంకె రాసి అంటించమన్నాను. అంటించారు.

మాస్టారూ, డెక్కు లిఫ్టు మోడ్‌లో వించ్ కదిలే ముందు రెండు సెకన్లు గంట మోగేలా మార్చాం. చీఫ్ వెంటనే ఒప్పుకున్నాడు.

ఆపరేటరు దిగి వచ్చి, బ్రేకు పడ్డప్పుడు పెడస్టల్ లోంచి కుర్చీలోకి ఒక చప్పుడు వచ్చిందని చెప్పాడు. మళ్లీ వినాలన్నాడు. సంచిలో నీళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి ఇంకో మూడుసార్లు బ్రేకర్ కొట్టాను. మూడుసార్లూ అతను కళ్లు మూసుకుని కూర్చున్నాడు.